ఖానేషుమారిలో ఓడలరేవు పిల్ల

పోయిన వారం మా వీధికి జనాభా లెక్కల గుమాస్తా వచ్చాడు. అతనికంటే ముందు ఒక బంట్రోతు వచ్చి మా ద్వారబంధం మీద జేగురుతో ఒక అంకె వేసిపోవడం, మా కోడలు దాన్ని శుభ్రంగా తుడిచి పసుపు రాయడం, బంట్రోతు మళ్ళీ వచ్చి గొణుక్కుంటూ అదే అంకె వేయడం, ఈ వేడుక నాలుగు రోజులు నడిచింది. ఆ తరువాత అచ్చుకాగితాల కట్ట చంకన పెట్టుకుని అసలు గుమాస్తా దయచేశాడు. అరుగు మీద నా పక్కనే కూర్చుని మగవాళ్ళ పేర్లన్నీ రాసుకుని, ఇక ఆడవాళ్ళ పేర్లు చెప్పించండి అన్నాడు. మా ఆవిడ తలుపు చాటునుంచి తన పేరు తానే చక్కగా, తడబడకుండా చెప్పింది. ఆ వెంటనే భర్త పేరు అడిగేసరికి మాత్రం గాజుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. అరుగు మీదున్న నా వైపు చెయ్యి చూపిస్తూ అలాగే నిలబడిపోయిందని మా కోడలు తరువాత చెప్పి పడీపడీ నవ్వింది. గుమాస్తా కాగితం మీదినుంచి తల ఎత్తలేదు గనక ఆ చెయ్యి అతని కంటబడలేదు, నా పేరు మళ్ళీ నేనే చెప్పుకున్నాను.

ఆ గాజుల చప్పుడు నన్ను చాలా ఏళ్ళు వెనక్కి లాక్కుపోయింది. నా ఈడువాళ్ళకు ఖానేషుమారి అన్న మాట ఇంకా చెవిలో ఉండే ఉంటుంది. ఇప్పుడు జనాభా లెక్కలంటున్నారే, దాన్ని అప్పట్లో అలా అనేవాళ్ళం. ఊరూరా ఇళ్ళెన్ని, ఇంటి యజమాని ఎవరు, ఏం పని చేస్తాడు, మగవారు ఎందరు, ఆడంగులు ఎందరు అని కరణాలు రాసి పంపేవారు. కుంఫిణీ దొరతనం ఇంకా పోలేదు. ధవళేశ్వరంలో ఆనకట్ట లేచి, మా సీమలో కొత్తకాలువల్లో పడవలు తిరగడం మొదలై ఎంతో కాలం కాలేదు. అమలాపురం తాలూకా కచేరీలో దఫ్తరం గుమాస్తాగా నేను చేరింది ఆ రోజుల్లోనే. ఇరవై మూడేళ్ళవాణ్ణి, దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని పేరు, ఆ పేరు నెత్తికెక్కి నేలమీద నడిచేవాణ్ణి కాదు.

నా పని కరణాలు పంపిన చిత్తులు చూసి సాపు ప్రతులు రాయడం. చిత్తులు కొందరు కాగితాల మీద పంపేవారు, పాతకాలపువారు తాటాకుల మీదే గంటంతో గీసి పంపేవారు. అందరికంటే పాతకాలపువాడు మా మేనమామ. ముక్తేశ్వరానికి దగ్గరలో, గౌతమి ఒడ్డునున్న ఒక గ్రామానికి ఆయన కరణం. ఆయన చిత్తు తెరిచిన రోజు దఫ్తరంలో పని సాగేది కాదు, నవ్వుతూ కూర్చునేవాళ్ళం. కారణమేమిటంటే, మా వైపు ఆడవాళ్ళు చచ్చినా మగని పేరు పలకరు కదా. మా మామయ్య లెక్కకు వెళ్ళేసరికి పడవల మీద పోయినవాళ్ళు, ఆనకట్ట పనులకు పోయినవాళ్ళు ఇంట ఉండరు. గుమ్మంలో ఉన్న ఇల్లాలిని నీ మగడి పేరేమిటంటే నేల చూపులు చూస్తుంది. మా మామయ్యకు ఓపిక తక్కువ. పేరు చెప్పకపోతే పోనీ, కనపడ్డదే రాస్తాను అని, యజమాని పేరు రాయవలసిన చోట "నన్ను తిట్టిన ఆమె ఇల్లు, మగడు ఊళ్ళో లేడు" అనీ, "మెల్లకన్ను మేకపిల్ల గలవారి ఇల్లు" అనీ రాసి పారేసేవాడు.

మా పై అధికారి శిరస్తాదారుగారు ఈ రాతలు చూసి ముక్కుపొడుం డబ్బా మూత ఠపీమని వేసేవారు. నమూనాలో పేరు గడి ఖాళీగా ఉండరాదు, పిచ్చిరాతలు ఉండరాదు, ఏం చేస్తావో చెయ్యి అని నా మొహాన పడేసేవారు. ఏం చేశానో ఇన్నేళ్ళకు మీ దగ్గర ఒప్పుకుంటున్నాను. మా మామయ్య గ్రామంలో అటువంటి ఇళ్ళు ఏడుంటే, ఆ ఏడుగురు మగవాళ్ళకూ నేనే నామకరణం చేశాను. ఒకడికి సుబ్బయ్య, ఒకడికి రామయ్య, ఇలా నోటికొచ్చినవి పెట్టి, గుండ్రంగా, అందంగా రాశాను. సాపు ప్రతి చూసి శిరస్తాదారుగారు మెచ్చుకున్నారు కూడా. తాటాకుల చిత్తు కట్టగట్టి మామయ్యకు తిప్పి పంపేశాను, అది అక్కడితో మరిచిపోయాను.

ఆ ఏడు కార్తీకం సగంలో, సముద్రపొడ్డునున్న ఓడలరేవు అనే ఊరి నుంచి ఒక ఆవిడ కచేరీకి వచ్చింది. ముప్పై దాటిన మనిషి, పడవల మీద బతికేవాళ్ళ కుటుంబం. లెక్కలు రాసుకున్నది మనుషుల్ని ఓడల్లో ఎక్కించి ఎక్కడికో పంపించడానికేనని పుకారుండేది గనక, ఆమె మగడు కచేరీ మెట్లెక్కడానికి భయపడి కాలువగట్టున పడవలోనే ఉండిపోయాడు. ఆవిడకు మాత్రం భయమన్నది ఉన్నట్టు లేదు. తిన్నగా నా బల్ల ముందుకు వచ్చి చేతులు జోడించింది.

"బాబుగారండీ, మమ్మల్నందర్నీ లెక్కెట్టేరు కదండీ. మా అక్క ఎక్కడుందో ఆ కాయితాల్లో సూసి సెప్పండి బాబూ" అంది.

అర్జీ లేనిదే కచేరీలో ఆకు కదలదు. ఫలానావాని భార్య వ్రాయించుకున్న అర్జీ అంటూ మొదలుపెట్టాలి, ఆ ఫలానావాడెవడో ఈవిడ చెప్పదు. పేరేమిటమ్మా అని శిరస్తాదారుగారు గద్దించి అడిగితే, అంతర్వేదిలో ఉంటారండీ అంది. ఎవరు, నీ మగడా అంటే, కాదండీ, ఆ సామండీ అంది. ఇక చూడండి, కచేరీ కచేరీ అంతా పని ఆపి, నరసింహులా, నరసన్నా, లక్ష్మీనరసా అంటూ వేలంపాట పాడినట్టు మొదలుపెట్టారు. నరసయ్య దగ్గరకు వచ్చేసరికి ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని "ఆయ్" అంది, అందరూ హమ్మయ్య అనుకున్నాం.

అర్జీలో రాసిన సంగతి ఇది. పెద్ద ఉప్పెన వచ్చిన ఏడు ఈవిడ పన్నెండేళ్ళ పిల్ల, అక్కకు పదిహేను. సముద్రం పైకొచ్చి వాళ్ళ పేటను ఊడ్చుకుపోయింది, తల్లీతండ్రీ పోయారు, అక్క ఇంటికప్పు పట్టుకుని కొట్టుకుపోతుండగా చూడడమే ఆఖరు. ఈవిడను ముమ్మిడివరం దగ్గరున్న మేనమామ తీసుకుపోయి పెంచి పెళ్ళిచేశాడు, తరువాత ఎన్నేళ్ళకో మగనితో మళ్ళీ ఓడలరేవుకే వచ్చింది. ఎక్కడున్నా సముద్రం దాకా వెళ్ళి, ప్రతి కార్తీకంలోనూ ఉప్పెన తిథి నాడు అరటిదొప్పలో అన్నం ముద్ద పెట్టి అక్క పేర సముద్రంలో వదులుతోంది. అలా పద్దెనిమిదేళ్ళు వదిలింది. ఈ ఏడు శ్రావణంలో ఒక పడవవాడు వచ్చి, అచ్చం నీలాంటి మొహం, నీలాంటి గొంతు గల మనిషిని ఒక రేవులో చూశానన్నాడు. ఏ రేవు అంటే, గౌతమి మీదో కాలువ మీదో జ్ఞాపకం లేదన్నాడు.

ఆ రోజు నుంచి ఆవిడకు నిద్ర లేదు. తిథి ఇంక తొమ్మిది రోజులుంది. "బతికున్న మనిసికి పిండం ఎడితే ఆయుస్సు తరిగిపోద్దంటారండీ. ఎట్టకుండా ఊరుకుంటే, పోయిన మనిసైతే ఆకలితో ఉంటాదండీ. నేనేం సెయ్యాలో సెప్పండి బాబూ" అని అడిగింది. అంతవరకూ నవ్వుతున్న వాళ్ళమంతా తలలు వంచుకున్నాం. శిరస్తాదారుగారు ముక్కుపొడుం డబ్బా తీసి, పీల్చకుండానే మూత వేసి, తిథిలోగా తాలూకా అంతా గాలించు అని నాకు హుకుం ఇచ్చారు.

మూడు రోజులు ఎర్రగుడ్డ మూటలన్నీ విప్పి చూశాను. దుమ్ముకు తుమ్ములు, తుమ్ములకు తలనొప్పి. ఊరి తరువాత ఊరు, ఇంటి తరువాత ఇల్లు, యజమాని పేరు, వాని వృత్తి, ఆ పక్కన మగవారు మూడు, ఆడంగులు రెండు. ఎక్కడ చూసినా అంతే. నా ముత్యాల్లాంటి దస్తూరీలో వేలకొద్దీ ఆడవాళ్ళు ఒట్టి అంకెలై కూర్చున్నారు. అంతవరకూ వందలసార్లు రాసిన ఆడంగులు అన్న ఆ మాట మొదటిసారి నన్ను చిన్నబుచ్చింది. మూడో రోజున ఆవిడకు చెప్పక తప్పలేదు. అమ్మా, మీ ఆడవాళ్ళ పేర్లు దొరతనంవారు అడగలేదు, లెక్క ఒకటే ఉంది అన్నాను. ఆవిడ నిరాశపడుతుందనుకున్నాను, నిరాశపడకపోగా నన్నే నిలదీసింది.

"మొకం సూసే కదండీ లెక్కెట్టేరు? సూసినోళ్ళకి తెలీదాండీ?"

ఆ ప్రశ్న చెవిలో పడింది గాని బుర్రకెక్కడానికి మర్నాడు దాకా పట్టింది. నేను పెరట్లో నూతి దగ్గర స్నానానికి నీళ్ళు తోడుకుంటున్నాను. మా ఆవిడ కాపురానికి వచ్చి అప్పటికి ఏడాదైనా కాలేదు. వీధిలో ఎవరో కొత్తమనిషి నిలబడి ఇది ఎవరిల్లండీ అని కేకేశాడు. మా ఆవిడ తలుపు చాటునుంచి, కచేరీలో రాసుకునేవారి ఇల్లండీ అంది. ఆయన పేరేమిటండీ అన్నాడు. వారేనండీ అంది. ఆ కచేరీలో రాసుకునేవాణ్ణి నేనే గనక నవ్వుతూ నవ్వుతూ చేతిలో చేంతాడు వదిలేశాను, చేద ధభీమని నూతిలో పడింది. పడుతూండగానే మామయ్య చిత్తు కళ్ళముందు ఆడింది. తిట్టిన ఆమె ఇల్లు, మేకపిల్లవారి ఇల్లు, ఆ వరసలోనే ఒకచోట ఇంకొకటి ఉన్నట్టు, దాన్ని చూసి నేను ఫక్కున నవ్వి రామయ్య అని రాసినట్టు లీలగా గుర్తుకు వచ్చింది. తాలూకాలో పేరు చెప్పని ఆడవాళ్ళ మొహాలు చూసి, చూసినదే రాసినవాడు మా మామయ్య ఒక్కడే. ఆ రాత కొట్టివేసినవాణ్ణి నేను.

చేద కూడా తీయకుండా, తడిబట్ట మార్చుకుని, కాలువగట్టు వెంట ముక్తేశ్వరం దారి పట్టాను. దారి పొడుగునా రెండు భయాలు. ఆ తాటాకులు మామయ్య పొయ్యిలో పెట్టేసి ఉంటాడేమోనని ఒకటి, నేను పుట్టించిన ఏడు పేర్ల సంగతి బయటపడితే ఉద్యోగం ఊడుతుందేమోనని రెండోది. సిగ్గు విడిచి చెబుతున్నాను, సగం దూరం దాకా రెండోదే పెద్దదిగా ఉంది. ఆ తరువాత అరటిదొప్ప పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డ మనిషి గుర్తుకు వచ్చి కాళ్ళు త్వరగా పడ్డాయి.

మామయ్య సావిట్లో చుట్ట కాలుస్తున్నాడు. తాటాకులు పొయ్యిలోకి పోలేదు గాని పొయ్యి మీదికి పోయాయి. పురుగు పట్టకుండా పాత లెక్కల కవిలెలన్నీ వంటింట్లో పొగ తగిలేచోట ఉట్టికి వేలాడదీయడం అత్తయ్య అలవాటు. ఆవిడ కట్ట దింపి, దులిపి, అక్షరాలు తేలడానికి ఆకుపసరూ మసీ కలిపి రుద్దుతూ ఒక్కొక్క ఆకే అందిస్తుంటే, నేను చదువుతూ పోయాను. ఆరో ఆకులో కనపడింది. "లంక ఒడ్డున ఓడలరేవు పిల్ల ఇల్లు, మగడు పడవ మీద, మగవారు ఇద్దరు, ఆడంగులు ఇద్దరు."

"ఇందులో అబద్ధమేమన్నా ఉందేంట్రా అల్లుడూ? ఊళ్ళో ఎవణ్ణడిగినా ఆ ఇంటికి అదే పేరు చెప్తాడు. ఉప్పెనలో కొట్టుకొచ్చిన పిల్లట, ఇక్కడ పడవవాళ్ళు చేరదీసి కొడుక్కి చేసుకున్నారు. ఇంతకీ నీ దఫ్తరంలో ఏం రాసేవు?" అన్నాడు మామయ్య. రామయ్య అని రాశానన్నాను. ఎవడ్రా ఆ రామయ్య అన్నాడు. అత్తయ్య మసి చేతులతోనే నవ్వడం మొదలుపెట్టింది.

ఓడలరేవు నుంచి వచ్చి అక్కడ కోడళ్ళయినవాళ్ళు ఎంతమందో ఉండవచ్చు, ఆ ఇంటావిడే ఈవిడ అక్క అని ఎవరు చెప్పగలరు, అందుకని నేనేమీ గట్టిగా చెప్పకుండా ఒక ఇల్లుంది, వెళ్ళి చూద్దామని మాత్రం ఓడలరేవుకు కబురు పంపాను. కబురు అంది, వాళ్ళ పడవ అమలాపురం చేరేసరికి తిథి రానే వచ్చింది. నేను వాళ్ళ పడవలోనే వెళ్ళాను. ఆవిడ కొంగున గుప్పెడు బియ్యం ముడి వేసుకుని కూర్చుంది. అక్క ఉంటే ఆమెచేత వండించుకు తింటుందట, లేకపోతే అక్కడే నీళ్ళలో వదిలి వస్తుందట. దారి పొడుగునా ఆ ముడే తడుముకుంటూ ఉంది. వాగుతూ ఉండే ఆవిడ అలా కూర్చుంటే ఆమె మగడు తెడ్డు వేయడం కూడా చప్పుడు కాకుండా వేశాడు.

తాటాకు గొడుగు వేసుకుని మామయ్య ముందు నడిచాడు. ఆ ఇంటి తలుపు గొళ్ళెం పెట్టి ఉంది. పక్కింటి ముసలమ్మ బయటికి వచ్చి, ఓడలరేవు పిల్ల ఏటికి వెళ్ళిందండీ, యేటా ఈ రోజున ఉప్పెనలో పోయిన చెల్లెలికి అన్నం వదలడానికి వెళ్తదండీ అంది.

ఆ మాట పూర్తికాకుండానే మా వెనకున్న మనిషి లేదు, రేవు వైపు పరుగెత్తింది. మేము రేవుకు చేరేసరికి, మోకాలిలోతు నీళ్ళలో ఒక ఆవిడ మాకు వీపు పెట్టి, చేతుల్లో అరటిదొప్పతో వంగి ఉంది. గట్టు మీదినుంచి ఈవిడ గొంతు చించుకుని అరిచింది.

"అక్కా! ఆగవే! నేను బతికే ఉన్నానే! నాకెట్టకే!"

దొప్ప చేతిలోంచి జారి, అన్నం ముద్ద నీళ్ళలో కలిసింది. అక్కగారు వెనక్కి తిరిగారు. ఒకటే మొహం, ఒకటే ముక్కు, పడవవాడు చెప్పినదాంట్లో రవ్వంత తేడా లేదు. చెల్లెలు బట్టలతోనే నీళ్ళలోకి దిగిపోయింది. ఒకరి మొహం ఒకరు తడుముకుంటూ, ఏడుస్తూ, ఎవరు ఏమంటున్నారో తెలియకుండా చాలాసేపు నీళ్ళలోనే ఉన్నారు. మామయ్య గొడుగు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం అడ్డం పెట్టుకోవడానికి ఏమీ లేక అందరి ముందే ఏడ్చాను, సిగ్గుపడలేదు.

తరువాత గట్టు మీద కూర్చుని లెక్కలు తేల్చుకున్నారు. ఉప్పెన వచ్చిన మరుసటి ఏడే, పెళ్ళయిన కొత్తలో, అక్కగారి మగడు ఓడలరేవు వెళ్ళి చూస్తే పేట ఉన్నచోట ఇసుక తప్ప ఏమీ లేదట. ఒక్కరూ మిగల్లేదని ఎవరో చెబితే నమ్మి తిరిగి వచ్చాడట. ఆ ఏడు నుంచి అక్కగారు గౌతమిలో చెల్లెలికీ, చెల్లెలు సముద్రంలో అక్కకీ, ఒకే తిథి నాడు పద్దెనిమిదేళ్ళుగా అన్నం వదులుకుంటూ వచ్చారన్నమాట. ఈ సంగతి తేలేసరికి చెల్లెలు బుగ్గలు తుడుచుకుని, "అందుకేనే, కార్తీకం వచ్చిందంటే నాకు ఆకలే ఉండదు!" అంది. అంతే, ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. మామయ్య గొడుగు కూడా ఊగింది. కొంగున ముడివేసిన గుప్పెడు బియ్యం ఆ మధ్యాహ్నం అక్కగారి ఎసట్లో పడ్డాయి. అందరికీ తలా ఒక ముద్ద వచ్చింది, నాకూ పెట్టారు.

తిరిగి వచ్చి శిరస్తాదారుగారికి ఏడు పేర్ల సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన, ఇంతకీ దొరికిందా అని మాత్రం అడిగారు. దొరికిందండీ అన్నాను. ఇకమీదట చిత్తులు తిప్పి పంపకు, సాపుతో కలిపి కట్టు, ఆ ఏడు పేర్లూ దిద్దు అన్నారు. దిద్దుదామనే మళ్ళీ వెళ్ళాను. అక్కగారిని మీ ఆయన పేరేమిటమ్మా అని అడిగితే నేల చూపులు చూసి నవ్వారు గాని చెప్పలేదు. ఆయన అప్పుడు కూడా పడవ మీదే ఉన్నాడు. ఆ విధంగా ఆ గడిలో రామయ్యే మిగిలిపోయాడు, ఊళ్ళో ఆయనకు కచేరీ రామయ్య అని పేరు స్థిరపడింది. నేను ఉద్యోగం విరమించేదాకా ప్రతి కార్తీకంలోనూ ఆ అక్కచెల్లెళ్ళ పడవలో మా ఇంటికి ఒక కొబ్బరిగెల వచ్చేది.

ఆ మామయ్య లేడు, ఆ శిరస్తాదారుగారు లేరు, ఆ తాటాకుల కట్టలు చెదలకు పోయాయో ఎక్కడున్నాయో తెలియదు. ఇప్పటి లెక్కలు చాలా నయం, కాదనను. ఆడవాళ్ళ పేర్లు రాస్తున్నారు, ఈడు రాస్తున్నారు, పుట్టిన ఊరు రాస్తున్నారు. ఇవన్నీ ఆ రోజున నాకుంటే మూడు రోజులు తుమ్మేవాణ్ణి కాదు. కాని మొన్న ఆ గుమాస్తా నాలుగు గడులూ నింపుకుని, కట్ట చంకన పెట్టుకుని పక్కింటికి పోయాడే, తలుపు చాటున ఉన్నది పొట్టిమనిషో పొడుగుమనిషో, నవ్విందో తిట్టిందో అతనికి తెలియదు. రేపు ఎవరైనా వచ్చి, చూసినవాళ్ళకు తెలియదా అని అడిగితే ఏం చెబుతాడో అనుకున్నాను.

అలా అనుకుంటూ ఉండగా ఒకటి తట్టింది. నలభై ఏళ్ళు దాటిన మా కాపురంలో మా ఆవిడ తన పేరు తాను చెప్పుకోగా నేను వినడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ నేనూ ఆ పేరు పలికినవాణ్ణి కాదు, ఏమే, ఇదిగో అంటూనే గడిపేశాను. అరుగు మీదినుంచి లేచి గుమ్మం దాకా వెళ్ళి, తలుపు పక్కకు జరిపి, ఆ పేరు గల మనిషిని కాసేపు చూశాను. ఏమిటండీ అలా చూస్తున్నారు, వయసు మీద పడ్డాక ఇదేం చోద్యం అంది.